డబ్బింగ్‌లో చూస్తే చూసినట్టు కాదట!

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఆఫీసు గ్రూపులో వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఇప్పుడు మా బావగారు దండం పెట్టే బొమ్మ జోడించి మరీ పంపారు. 'మనవాళ్లకి ప్రపంచ సినిమా చూడటం ఎప్పుడొస్తుంది?' అని హెడ్డింగు. చదవనివాళ్ల కోసం సంగతి క్లుప్తంగా: విదేశీ సినిమాల్లో పాటలుండవు, ఇంటర్వెల్ ఉండదు, లాజిక్ ఉంటుంది. వాటిని అసలు భాషలో, సబ్‌టైటిల్స్‌తోనే చూడాలి. చౌక థియేటర్లో తెలుగు డబ్బింగ్ చూడటమంటే ఆ దర్శకుణ్ని అవమానించడమే. ఇంతా చెప్పి చివర్లో, కొరియా సినిమా 'పారసైట్' మన సినిమాకి కాపీ అట. అంత గొప్పవాళ్లకి మన దగ్గర కాపీ కొట్టాల్సిన ఖర్మ ఏమిటో రాసినాయనే చెప్పాలి.

చిల్లర పాయింట్లు ముందు తేల్చేస్తాను. పాటలుండవా? 1964లో కాన్ సినిమా ఉత్సవంలో మొదటి బహుమతి కొట్టిన ఫ్రెంచి సినిమా 'ద అంబ్రెల్లాస్ ఆఫ్ షెర్‌బూర్గ్'లో మామూలు మాటన్నదే లేదు, పెట్రోలు బంకులో పలకరింపులు కూడా పాటే. 'వెస్ట్ సైడ్ స్టోరీ'కి పది ఆస్కార్లిచ్చింది పాటలు వద్దనుకునా? ఇంటర్వెల్ 'బెన్‌హర్'లో ఉంది, 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో ఉంది. మొన్న 2024లో వచ్చిన 'ద బ్రూటలిస్ట్'లో అయితే పదిహేను నిమిషాల ఇంటర్వెల్‌ని దర్శకుడే సినిమాలో భాగంగా పెట్టాడు. ఇక లాజిక్ అంటారా, 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' తొమ్మిదో భాగంలో కారుకి రాకెట్ బిగించి అంతరిక్షంలోకి పంపారు. పదండి ముందుకి.

నాకు ఒళ్లు మండేది డబ్బింగ్ పాయింటు దగ్గర. 'కింది క్లాసులో కూర్చుని ఈలలేసే జనానికి ఇవి ఎందుకు?' అని కూడా రాశాడు మహానుభావుడు. ఆ కింది క్లాసులో నేనూ కూర్చుంటాను కాబట్టి కాస్త వివరంగానే మాట్లాడుకుందాం.

అసలు భాష, అసలు గొంతు అంటున్నారు కదా, 'ద గుడ్, ద బ్యాడ్ అండ్ ది అగ్లీ' అసలు భాష ఏది? దర్శకుడు లియోనీ ఇటలీవాడు. షూటింగ్ చాలామటుకు స్పెయిన్‌లో. హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ అమెరికావాడు. సెట్లో ఎవరి భాషలో వాళ్లు డైలాగ్ చెప్పేశారు. తర్వాత స్టూడియోలో కూర్చుని ఇంగ్లీషుకి ఒక రకంగా, ఇటాలియన్‌కి ఒక రకంగా గొంతులు వేశారు. ఇటలీ జనం విన్నది ఈస్ట్‌వుడ్ గొంతు కాదు, ఎన్రికో మారియా సలెర్నో అనే నటుడి గొంతు. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ తీసిన 'లా స్ట్రాడా' కూడా అంతే. అందులో ముఖ్యమైన మగపాత్రలు రెండూ వేసింది హాలీవుడ్ నటులు, వాళ్ల నోట ఇటాలియన్ పలికింది వేరేవాళ్లు. దానికి ఆస్కారూ వచ్చింది. ఫిల్మ్ సొసైటీల్లో సబ్‌టైటిల్స్‌తో దాన్ని భక్తిగా చూసేవాళ్లు కూడా చూస్తున్నది డబ్బింగ్ సినిమానే, కాకపోతే ఇటాలియన్ డబ్బింగ్.

బ్రూస్ లీ సంగతి ఇంకా బాగుంటుంది. ఆ రోజుల్లో హాంకాంగ్‌లో మాటలు రికార్డు చేయకుండానే సినిమా తీసి, తర్వాత గొంతులు కలిపేవారు. 'ద బిగ్ బాస్' 1971లో విడుదలైంది మాండరిన్‌లో. బ్రూస్ లీ మాట్లాడేది, హాంకాంగ్ జనం మాట్లాడేది ఇంకో చైనా భాష, కాంటనీస్. కాబట్టి హాంకాంగ్ జనం కూడా సొంత హీరోని వేరేవాడి గొంతుతోనే చూశారు. మాట అర్థమైనా కాకపోయినా మన ఊళ్లలో ఆ సినిమాలు చూసొచ్చి సందుల్లో కాళ్లెత్తి తన్నుకున్న పిల్లలు ఎవరిని అవమానించారో నాకు తెలియడం లేదు.

మన దగ్గరికే వద్దాం. ఆటెన్‌బరో 'గాంధీ' తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లీకి గొంతిచ్చింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఆ సినిమాని తెలుగులో చూసి కన్నీళ్లు పెట్టుకున్న పెద్దవాళ్లకి ఫోన్ చేసి 'మీరు గాంధీని చూడలేదు, తూచ్' అని చెప్పమంటారా? సాయికుమార్ గొంతు లేకుండా రాజశేఖర్‌ని ఊహించుకోండి. 'ఏ మాయ చేసావే'లో సమంతకి మాట చిన్మయిది. తెలుగు సినిమాని తెలుగులో చూస్తూ కూడా డబ్బింగే వింటున్నాం, అక్కడ ఎవరికీ పరువు పోలేదు.

సబ్‌టైటిల్స్ చదవమంటున్నారు. ఏ భాషలో? ఇంగ్లీషులో. ఎవరికి? రోజంతా పని చేసి సెకండ్ షోకి వచ్చే మనిషికి, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లాడికి, చత్వారం వచ్చిన మా అమ్మకి. పైగా మా థియేటర్లో ముందు వరసవాడు సమోసా కోసం లేచాడంటే కింద రెండు లైన్లూ గోవిందా. మల్టీప్లెక్స్ సీట్లో వెనక్కి వాలి ఈ నీతులు చెప్పడం సులువే. 2019 'లయన్ కింగ్'ని నేను ఇంగ్లీషులోనూ చూశాను, తెలుగులోనూ చూశాను. ఇంగ్లీషులో అది జంతువుల డాక్యుమెంటరీ, ఒక్క ముఖంలోనూ భావం లేదు. తెలుగులో అలీ, బ్రహ్మానందం నోరు విప్పాక ఆ అడవిపందికి, దాని నేస్తానికి ప్రాణం వచ్చింది. జగపతిబాబు స్కార్ అయితే నిజంగానే భయపెట్టాడు. నా ఓటు మా కింది క్లాసుకే.

అలాగని డబ్బింగ్ పేరుతో జరిగేదంతా వెనకేసుకు రాలేను. నియంత ఫ్రాంకో కాలంలో స్పెయిన్‌లో 'మొగాంబో' అనే హాలీవుడ్ సినిమాని డబ్ చేస్తూ, పెళ్లయిన ఆడమనిషి ఇంకొకడిని ప్రేమించడం జనం చూడకూడదని, మొగుడూ పెళ్లాలని అన్నాచెల్లెళ్లని చేసేశారు. ఒక గుడారంలో ఉండే ఆ అన్నాచెల్లెళ్లని చూసి జనం ఏమనుకున్నారో మీ ఊహకే వదిలేస్తున్నా. మన డబ్బింగ్ రచయితలూ తక్కువవాళ్లేం కాదు. పాత్ర అటు తిరిగి నిలబడితే చాలు, పెదాలు కనబడవు కదా అని వీపు మీద ఒక పంచ్ డైలాగ్ అతికిస్తారు. దర్శకుడు నిశ్శబ్దంగా వదిలిన చోట ప్రాస కోసం పాకులాడే మాట వినబడితే నాకూ బాధగానే ఉంటుంది. మెసేజ్‌లో 'డబ్బింగ్‌లో మౌనం చచ్చిపోతుంది' అని ఒక వాక్యముంది. అది నూటికి నూరుపాళ్లు నిజం. అలాగే, మా సెంటర్‌కి వచ్చే విదేశీ సినిమా అంటే పామో, మొసలో, డైనోసారో, లేదంటే సూపర్ హీరోనో. ఇరాన్ సినిమా మా థియేటర్ గేటు దాటడం నేనెప్పుడూ చూడలేదు. అయితే రాని సినిమాని చూడనందుకు కూడా టికెట్ కొన్నవాడినే తిడతారా?

మిగిలింది 'పారసైట్'. 2020 ఫిబ్రవరిలో దానికి ఆస్కార్ వచ్చిన కొద్ది రోజులకే ఇది 1999 నాటి తమిళ సినిమా 'మిన్సార కన్నా'కి కాపీ అన్న గోల మొదలైంది. ఆ తమిళ సినిమా నిర్మాత కేసు వేస్తానని కూడా అన్నారు. రెండింటిలోనూ ఒక కుటుంబం చుట్టరికం దాచిపెట్టి డబ్బున్నవాళ్ల ఇంట్లో పనికి చేరుతుంది. అక్కడ విజయ్ ప్రేమ కోసం, ఇక్కడ వీళ్లు పొట్ట కోసం. పోలిక అంతటితో సరి. 'పారసైట్' నేలమాళిగలో ఉన్నదేదీ ఆ తమిళ సినిమాలో లేదు. అబద్ధం చెప్పి పెద్దింట్లో దిగడమే కాపీ అయితే, హీరోయిన్ ఇంట్లో మారుపేరుతో మకాం పెట్టిన మన హీరోలందరి మీదా కేసులు వెయ్యాలి. 'పారసైట్' దర్శకుడు బాంగ్ జూన్ హో తనకి ప్రేరణ అని చెప్పుకున్నది సొంత దేశపు 1960 నాటి 'ద హౌస్‌మెయిడ్'. కాపీ ఎలా ఉంటుందో చూడాలంటే జపాన్ దర్శకుడు కురొసావా 'యోజింబో', ఆ తర్వాత లియోనీ 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' చూడండి. జపాన్‌వాళ్లు కేసు వేశారు, రాజీలో వసూళ్లలో 15 శాతం రాబట్టుకున్నారు. పక్కపక్కన పెడితే సీను తర్వాత సీను కలుస్తుంది. 'మిన్సార కన్నా'ని, 'పారసైట్'ని కూడా అలా పక్కపక్కన పెట్టి, కలిసిన సీన్ల లిస్టు ఎవరైనా పంపితే తప్పకుండా చదువుతాను. డబ్బింగ్‌లో చూసి రాసినా నాకేం అభ్యంతరం లేదు.