జీవ ఇంధనం: యంత్రంతో పాటు మేస్త్రీ కూడా వెళ్లాలి

నేపాల్ కొండ గ్రామాల్లో గోబర్ గ్యాస్ ప్లాంటు కట్టే మేస్త్రీ పని చూసేవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. గొయ్యి తవ్వి చుట్టూ గోడ లేపిన తర్వాత, ఆ గోడ మధ్య ఖాళీని తవ్విన మట్టితోనే మళ్లీ నింపేస్తాడు. పైన ఆ మట్టిని గుమ్మటంలా కుప్పపోసి, నున్నగా దిద్ది, దాని మీద కాంక్రీటు పోస్తాడు. కాంక్రీటు గట్టిపడిన కొన్ని రోజులకు లోపలి మట్టినంతా పక్కనున్న తొట్టి దారిలోంచి తవ్వి బయటికి తోడేస్తారు. మిగిలేది గ్యాసు నిలిచే గుమ్మటం. దీనికి సెంట్రింగ్ చెక్క, ఇనుప అచ్చు అక్కర్లేదు, పట్నం నుంచి లారీలో రావాల్సిన యంత్రమూ లేదు.

ఈ గుమ్మటం మూలాలు చైనాలో ఉన్నాయి. అక్కడి పల్లెల్లో 1970లలో లక్షల సంఖ్యలో కట్టిన స్థిర గుమ్మటం నమూనాను ఆధారం చేసుకుని, ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ గోబర్ గ్యాస్ పరిశోధన కేంద్రం 1978లో ‘జనతా’ నమూనాను రూపొందించింది. అప్పటిదాకా మన దేశంలో చెలామణిలో ఉన్నది జష్‌భాయ్ పటేల్ రూపకల్పన చేయగా ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ ప్రచారంలోకి తెచ్చిన ఇనుప డ్రమ్ము నమూనా. గ్యాసు నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది కాబట్టి పొయ్యికి ఎంత మిగిలిందో ఇంటి ఇల్లాలికి కంటితోనే తెలుస్తుంది. కానీ ఇనుము తుప్పు పడుతుంది, క్రమం తప్పకుండా రంగు వేయాలి, మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఆ డ్రమ్ముకే పోతుంది. 1984లో అఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ జనతాను ఇంకా కుదించి, ఖర్చు తగ్గేలా ‘దీనబంధు’ను తయారుచేసింది. దాన్నే కొద్దిగా మార్చి కంబోడియా 2006లో మొదలైన తన జాతీయ కార్యక్రమంలో వాడుకుంది. నేపాల్ తన కొండలకు తగిన నమూనాను 1990లో స్థిరపరచుకుని, గోబర్ గ్యాస్ కంపెనీ పొడి అక్షరాలకు తమ విక్రమ సంవత్సరాన్ని జోడించి ‘జీజీసీ 2047’ అని పిలిచింది. ఆ నేపాల్ నమూనాయే మార్పులతో ఇథియోపియా చేరి అక్కడ ‘సినిదు’ అయింది.

చైనాలో మొదలై ఆఫ్రికా కొమ్ము దాకా సాగిన ఈ ప్రయాణంలో ప్రతి మజిలీలోనూ వస్తువు రూపు మారింది, పేరు మారింది. ఎవరూ రాయల్టీ అడగలేదు. వర్ధమాన దేశాల మధ్య జీవ ఇంధన సాంకేతికత బదిలీ గురించి సదస్సుల్లో మాట్లాడినప్పుడల్లా ఒప్పందాలు, పెట్టుబడులు, పెట్రోలు డీజిళ్లలో జీవ ఇంధనం కలిపే శాతాల ప్రస్తావనే వినిపిస్తుంది. నిజంగా సరిహద్దులు దాటి నిలబడినవాటిని పరిశీలిస్తే తేలేది వేరు. వస్తువును మార్చుకునే స్వేచ్ఛ, దాన్ని కట్టి మరమ్మతు చేయగల స్థానిక పనివాడు, ముడిసరుకు రోజూ చేతికందే ఏర్పాటు ఉన్నచోట అది బతికింది. ఈ మూడూ లేనిచోట ఎంత డబ్బు పోసినా మిగిలింది శంకుస్థాపన ఫలకమే.

నేపాల్ ఉదాహరణ దగ్గర ఇంకాసేపు ఆగాలి. అక్కడ మొదటి గోబర్ గ్యాస్ ప్లాంటును 1955లో ఫాదర్ సౌబోల్ అనే ఉపాధ్యాయుడు పాత నూనె డ్రమ్ముతో తన పాఠశాలలో పెట్టాడు. ఆ ఊరి పేరు గోదావరి. కాఠ్మండూ లోయలో కూడా ఒక గోదావరి ఉందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు పని నెమ్మదిగానే సాగింది. 1992లో నెదర్లాండ్స్ సహాయంతో బయోగ్యాస్ సపోర్ట్ ప్రోగ్రామ్ మొదలయ్యాకే వేగం వచ్చింది. ఆ కార్యక్రమంలో డబ్బు కంటే విలువైనది ఒక నిబంధన. ప్లాంటు నిర్ణీత ప్రమాణం ప్రకారం కడితేనే, కట్టిన సంస్థ కొన్నేళ్లపాటు మరమ్మతుల బాధ్యత తీసుకుంటేనే సబ్సిడీ. తనిఖీలో లోపం దొరికితే ఆ సంస్థకే జరిమానా. ఈరోజు ఆ చిన్న దేశంలో నాలుగు లక్షలకు పైగా ఇళ్ల ప్లాంట్లు ఉన్నాయి. మన దేశంలో సంఖ్య ఇంతకు ఎన్నో రెట్లు పెద్దదే, కానీ సబ్సిడీ లెక్క ప్లాంటు కట్టడంతో ముగిసిపోయిన జిల్లాల్లో పెరటి గుంతలు ఎన్ని చెత్తకుండీలుగా మారాయో పల్లెలు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇదే గుమ్మటం ఆఫ్రికాలో కొన్నిచోట్ల తడబడింది. కారణం ఇంజనీరింగ్ కాదు. పేడకు దాదాపు సమానంగా నీళ్లు కలిపితేనే తొట్టి పనిచేస్తుంది. పశువులు రాత్రయినా ఇంటి పట్టున ఉంటేనే పేడ దొరుకుతుంది. పశువులు రోజుల తరబడి బయళ్లలో మేసే చోట, తాగునీటికే ఆడవాళ్లు మైళ్లు నడిచే చోట, పొయ్యి కోసం ఇంకో రెండు బిందెలు మోయమనడం న్యాయం కాదు. ఇథియోపియాలో చాలా ప్లాంట్లు ఇలాగే మూలపడ్డాయి. కొట్టంలో మేపు అలవాటు ఉన్న కెన్యా ఎత్తుప్రాంతాల పాడి రైతులకు అదే ప్లాంటు బాగా అక్కరకొచ్చింది.

ఇక రెండో కథ అడవి ఆముదానిది. ఇంగ్లిషు పత్రికల్లో జట్రోఫాగా పేరు మోసిన ఈ మొక్క మధ్య అమెరికా నుంచి పోర్చుగీసుల ఓడలెక్కి ఆఫ్రికాకు, ఆసియాకు వచ్చింది. పశువులు ముట్టవు కాబట్టి మన పల్లెల్లో కంచెకు నాటేవారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దీన్ని ఒక్కసారిగా జాతీయ స్వప్నం చేసింది: 2011–12 నాటికి డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్, అందుకోసం 1.12 కోట్ల హెక్టార్లలో సాగు. టాంజానియా, మొజాంబిక్, ఘనా, మాలి వంటి దేశాల్లోనూ దాదాపు అదే కాలంలో అదే కల రెక్కలు తొడిగింది. ‘బీడు భూమిలో పండుతుంది, నీళ్లక్కర్లేదు’ అన్న ఒక్క మాట ఖండాలు దాటి వెళ్లింది.

ఆ మాటలో సగమే నిజం. బీడులో మొక్క బతుకుతుంది. కాపు కాయాలంటే మాత్రం ఏ పంటకైనా కావలసిన నీరు, ఎరువు దానికీ కావాలి. అప్పటికి అది ఇంకా అడవి మొక్కే; దిగుబడికి హామీ ఇవ్వగల మెరుగైన రకం ఒక్కటీ రైతు చేతికి రాలేదు. కాయలన్నీ ఒక్కసారి పండవు, అందుకే కూలీలు చెట్టు చుట్టూ పదేపదే తిరగాలి. నూనె తీశాక మిగిలే పిండి విషపూరితం కావడంతో పశువుల దాణాగా అమ్ముకునే వీలు లేదు. వేరుశనగ రైతుకు చెక్క మీద వచ్చే నాలుగు డబ్బులు ఈ రైతుకు లేవన్నమాట. కొన్ని ఆఫ్రికా దేశాల్లో విదేశీ కంపెనీలు వేల హెక్టార్లు లీజుకు తీసుకుని, 2008 ఆర్థిక సంక్షోభంతో పెట్టుబడి ఎండిపోగానే వదిలి వెళ్లాయి. ఊరి ఉమ్మడి భూమి అప్పటికే చేతులు మారిపోయింది. ఇక్కడ బదిలీ అయింది సాంకేతికత కాదు, రుజువు కాని ఆశ.

అయితే శాస్త్రం పక్కాగా ఉన్నా ఓడిపోవచ్చు. దానికి సాక్ష్యం మన ఇంటి దగ్గరే ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తీపి జొన్న మీద ఏళ్లతరబడి పనిచేశారు. ఆలోచన చక్కనిది: కంకి తిండికి, కాండంలోని రసం పెట్రోలులో కలిపే ఆల్కహాల్ అయిన ఇథనాల్‌కు, పిప్పి పశువులకు. చెరకు ఏడాది తాగే నీటిలో చిన్న భాగంతో నాలుగు నెలల్లో చేతికొచ్చే పంట. 2007లో అప్పటి మెదక్ జిల్లాలో రోజుకు 40 వేల లీటర్ల సామర్థ్యంతో ఒక ప్రైవేటు డిస్టిలరీ దీనికోసమే మొదలైంది. ఫిలిప్పీన్స్‌లోని ఇలోకోస్ నోర్తెలో ఒక విశ్వవిద్యాలయం ఇక్కడి రకాలను తీసుకెళ్లి సాగు చేయించింది.

ఇబ్బంది మిల్లు గేటు దగ్గర మొదలైంది. కోసిన తీపి జొన్న కాండాన్ని గంటల్లో పిండకపోతే చక్కెర తగ్గిపోతుంది, తీసిన రసం అంతకంటే త్వరగా పులుస్తుంది. చెరకు రైతుకు తెలిసిన కటింగ్ ఆర్డరు, బండ్ల వరస, క్రషింగ్ సీజను లాంటి వ్యవస్థ వర్షాధార మెట్ట రైతుకు లేదు. పంటంతా ఒకే రెండు మూడు వారాల్లో కోతకొస్తే ఫ్యాక్టరీ మిగతా ఏడాది ఏం పిండాలి? రసాన్ని ఊళ్లోనే కాచి పాకం చేసి పంపేందుకు ఇబ్రహీంబాద్‌లో ఒక యూనిట్ పెట్టి చూశారు. తెలివైన పరిష్కారమే, కానీ కాచడానికయ్యే ఖర్చు పాకం ధరలో కలుస్తుంది. చమురు కంపెనీలు ఇథనాల్‌కు 2007 ప్రాంతంలో లీటరుకు 21 రూపాయల 50 పైసలు, 2010 నుంచి 27 రూపాయలు ఇచ్చాయి. ఆ ధర చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డి, అంటే మొలాసిస్‌తో చేసే ఇథనాల్‌కు సరిపోయింది, తీపి జొన్నకు కాదు. 2024 నాటికి మొక్కజొన్న ఇథనాల్‌కు ధర 71 రూపాయలు దాటినప్పుడు తీపి జొన్న గురించి అడిగేవాళ్లు ఎవరూ మిగల్లేదు. విత్తనాన్ని విదేశాలకు పంపగలిగాం కానీ, దాన్ని నిలబెట్టే ధరను మనమే సమయానికి ఇవ్వలేకపోయాం.

ధర అన్న మాటకొస్తే బ్రెజిల్‌ను తలుచుకోకుండా ముందుకు వెళ్లలేం. 1975 నవంబరులో ‘ప్రోఆల్కూల్’ అనే ఇథనాల్ ఇంధన కార్యక్రమం మొదలుపెట్టిన ఆ దేశం 1980ల మధ్యకల్లా కొత్త కార్లలో పదింట తొమ్మిదికి పైగా ఇథనాల్‌తోనే నడిచే దశకు వెళ్లింది. 1989లో చక్కెర ధర పెరిగి మిల్లులు అటు మళ్లగానే బంకుల్లో ఇథనాల్ నిండుకుంది. జనం నమ్మకం కూలిపోయింది. అది తిరిగి లేచింది 2003లో, పెట్రోలు, ఇథనాల్ ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ ఇంజన్ వచ్చాక. ఈరోజు బ్రెజిల్ వాహనదారుడు బంకు దగ్గర ధరల పలక చూసి, ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే అది, లేకుంటే పెట్రోలు అని మనసులోనే లెక్క తేల్చుకుంటాడు. ఇథనాల్‌తో మైలేజీ తగ్గుతుందన్న నిజాన్ని అక్కడ ఎవరూ దాచలేదు, దాన్ని ధరలోనే చూపించారు.

మనం బ్రెజిల్ నుంచి తెచ్చుకున్నది పెట్రోలులో ఇథనాల్ కలిపే శాతాన్ని మాత్రమే. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలై, కరవొచ్చి మొలాసిస్ కొరతపడితే బ్రెజిల్ నుంచే ఇథనాల్ దిగుమతి చేసుకుని, 2025లో 20 శాతానికి చేరాం. లక్ష్యం గడువుకు ముందే అందుకోవడం చిన్న విజయమేమీ కాదు. కానీ 2025లో పాత బండ్ల యజమానులు మైలేజీ గురించి గోల పెట్టినప్పుడు, బంకులో వేరే రకం ఎంచుకునే అవకాశం గానీ తగ్గిన మైలేజీకి తగ్గ ధర గానీ వారికి చూపలేకపోయాం. ముడిసరుకు చెరకు నుంచి బియ్యానికి, మొక్కజొన్నకు మళ్లింది. మొక్కజొన్న ఎగుమతి చేసే దేశం దిగుమతి చేసుకునే దేశమైంది, కోళ్ల రైతుల దాణా ఖర్చు పెరిగింది. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో రైతులు రోడ్డెక్కి ఇథనాల్ ఫ్యాక్టరీ పనులు ఆపించారు. కాలుష్యం గురించి వారి భయాలన్నీ శాస్త్రీయమా కాదా అన్నది వేరే చర్చ. ముందుగా ఊరికి చెప్పి ఒప్పించడం కూడా సాంకేతికతలో భాగమేనన్న ఎరుక పాలకుల్లో కనిపించలేదు.

2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 వేదిక మీద ప్రారంభమైన ప్రపంచ జీవ ఇంధన కూటమిలో బ్రెజిల్, భారత్‌లతో పాటు బంగ్లాదేశ్, మారిషస్, దక్షిణాఫ్రికా వంటి దేశాలు తొలినాళ్లలోనే చేరాయి. కొత్తగా వచ్చే ఆఫ్రికా దేశానికి మనం ఏం ఇవ్వబోతున్నాం? ధాన్యంతో ఇథనాల్ చేసే ఫ్యాక్టరీని ఇస్తే, తిండిగింజలు దిగుమతి చేసుకునే దేశానికి అది ఉపకారం కాదు. ఇవ్వదగినవి వేరే ఉన్నాయి. చెరకు పిప్పితో బాయిలరు నడిపి మిగులు కరెంటును గ్రిడ్‌కు అమ్మే పద్ధతిలో మారిషస్‌కు మనకంటే మంచి అనుభవం ఉంది, అది వాళ్లనే చెప్పనివ్వాలి. ఊకతో నడిచే రైసుమిల్లు బాయిలర్లు గోదావరి జిల్లాల్లో దశాబ్దాలుగా ఉన్నాయి, వాటిని విప్పి బిగించగల ఫిట్టర్లూ ఉన్నారు. ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు వచ్చాక ఒకప్పుడు ఊరికే పారబోసిన ఊకకు ఎలా ధర పలికిందో, చివరికి ఆ ధరే కొన్ని ప్లాంట్లను ఎలా మూయించిందో కూడా ఆ ఫిట్టర్లకు తెలుసు. వ్యర్థం అన్న పేరు దానికి గిరాకీ లేనంత కాలమే. పెట్టుబడి పత్రాల్లో ఉచితంగా లెక్కగట్టే గడ్డికి రేపు రైతు రేటు చెబుతాడు, చెప్పడం అతని హక్కు.

ఆ పరీక్ష ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. 2025 ఏప్రిల్‌లో అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలోని దివాకరపల్లిలో కంప్రెస్డ్ బయోగ్యాస్ (శుద్ధి చేసి ఒత్తిడితో నింపే గ్యాసు) ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. రాష్ట్రమంతటా 500 ప్లాంట్లు, బంజరు భూముల్లో నేపియర్ గడ్డి అన్నది ప్రణాళిక. నేపియర్ ఆఫ్రికా గడ్డి. అడవి ఆముదంలా కాకుండా పాడి రైతుకు చిరపరిచితమైన మేత, దిగుబడీ తెలిసిందే. కానీ ఆ దిగుబడి తడి అందిన పొలంలోది. కనిగిరి మెట్టలో ఆ గడ్డికి ఎకరాకు ఎంత నీరు పట్టింది, టన్నుకు రైతు చేతికి ఎంత వచ్చింది, ఎన్ని కిలోమీటర్ల అవతలి నుంచి తెస్తే ప్లాంటు నష్టంలో పడింది, గ్యాసు తీశాక మిగిలిన చిక్కటి ద్రవం, అంటే స్లర్రీని పొలానికి ఎవరు మోశారు అనే లెక్కలు ప్లాంటువారీగా ఏటా బయటపెట్టాలి. దీనిని సబ్సిడీకి షరతుగా చేయడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పనే; నేపాల్ 1992లోనే నాణ్యతను సబ్సిడీకి ముడిపెట్టింది. అలాంటి అయిదేళ్ల లెక్కల పుస్తకం మన దగ్గర ఉన్న రోజున, కెన్యా నుంచో టాంజానియా నుంచో వచ్చిన అధికారికి రంగుల బ్రోచరు కాక అదే చేతిలో పెట్టగలుగుతాం.