బిడ్డ మాయం కాకముందే

ఇంట్లో దెబ్బలు తిని, బడిలో అవమానపడి, లేదా ఎవరో చెప్పిన కొలువు మాట నమ్మి రైలెక్కిన పిల్లలు దిగే పెద్ద కూడళ్లలో విజయవాడ ఒకటి. అలా దిగిన పిల్లవాణ్ణి మొదట ఎవరు పలకరిస్తారన్నదాన్ని బట్టి వాడి బతుకు మలుపు తిరుగుతుంది. పిల్లలను అమ్ముకునే దళారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే వాడు ప్లాట్‌ఫారం మీదే కాచుకుని ఉంటాడు. కథోలిక గురువుల సభకు చెందిన సేల్షియన్ ఫాదర్లూ దీన్ని గ్రహించారు. 1989లో విజయవాడలో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టిన నాటి నుంచీ, పిల్లలు తమ గుమ్మం తొక్కేదాకా ఆగకుండా వారున్న చోటికే వెళ్లారు. దళారి కంటే ముందు పలకరించడం, పేరూ ఊరూ అడగడం, ఆ పూటకు అన్నం పెట్టి పడక చూపడం, వీలైనంత త్వరగా ఇంటికి చేర్చడం. చూడటానికి చిన్న పనే. పిల్లల అక్రమ రవాణాను అడ్డుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన మార్గం మాకు కనిపించడం లేదు.

హైదరాబాద్‌లో 1996లో మెహబూబ్ కీ మెహందీ అనే వేశ్యావాటికను ఖాళీ చేయించినప్పుడు అక్కడి మహిళలు ఒక్కసారిగా వీధిన పడ్డారు. వారి పిల్లల సంగతి పట్టించుకున్నవారు బహు తక్కువ. క్రైస్తవ మిషనరీ బ్రదర్ జోస్ వెట్టికాటిల్, సామాజిక కార్యకర్త సునీతా కృష్ణన్ కలిసి, ఖాళీ అయిన వేశ్యాగృహంలోనే ఆ పిల్లలకు బడి తెరిచారు. ప్రజ్వల అనే స్వచ్ఛంద సంస్థ అలా పుట్టింది. తల్లిని మింగిన వ్యాపారం కూతురిని కూడా మింగకూడదన్నది దాని తొలి సంకల్పం. విజయవాడలో ప్లాట్‌ఫారం, హైదరాబాద్‌లో బడి. రెండుచోట్లా బిడ్డ చేజారకముందే పట్టుకునే ప్రయత్నం జరిగింది.

దాడులు చేసి విడిపించడం అవసరమే, దాని విలువను మేము తక్కువ చేయడం లేదు. కానీ 2015 జనవరిలో హైదరాబాద్ పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో వందలాది బిహారీ పిల్లలు బయటపడేనాటికే వారి బాల్యం ఆ కొలిమి వేడిలో కరిగిపోయింది. 2018లో యాదగిరిగుట్ట వ్యభిచార గృహాల నుంచి చిన్నారులను విడిపించినప్పుడు, త్వరగా ఎదిగినట్టు కనిపించాలని వారికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చారని తెలిసి తెలుగువారంతా నివ్వెరపోయారు. విడిపించిన ప్రతి బిడ్డ వెనుకా, ఆ బిడ్డను అమ్మిన రోజు ఒకటి ఉంది. ఆ రోజున ఊళ్లో అందరం ఉన్నాం.

క్రైస్తవ సేవకు ఈ రంగంలో నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది. 1895లో భారతదేశానికి వచ్చిన ఐర్లండ్ మిషనరీ ఏమీ కార్మైకేల్, 1901 నుంచి తిరునెల్వేలి ప్రాంతంలోని దోనవూరులో, దేవదాసీలుగా అంకితమివ్వబోయే ఆడపిల్లలకు నీడనిచ్చారు. అప్పటికి ఆ ఆచారాన్ని నిషేధించే చట్టం లేదు. పిల్లలను ఎత్తుకుపోయారన్న అభియోగాలను ఆమే ఎదుర్కోవలసి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో నిషేధ చట్టం 1947లో గానీ రాలేదు. మన జోగినుల కోసం ఆంధ్రప్రదేశ్ చట్టం రావడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. నిజామాబాద్ జిల్లాలో జోగినుల మధ్య పనిచేసిన హేమలతా లవణం మహాకవి జాషువా కుమార్తె, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. ఏ బిడ్డకు నీడనిచ్చేటప్పుడూ ఆమె మతం అడగలేదు. ఈ పని చేసే ప్రతి క్రైస్తవ సంస్థా ఆ గీతను దాటకుండా ఉండాలని మేము కోరుతున్నాం. ఆపదలో ఉన్న పసివాడికి అన్నం పెట్టిన చేయి వాడి విశ్వాసాన్ని ప్రతిఫలంగా అడగకూడదు.

ఇక చెప్పక తప్పని మాట ఒకటుంది. 1999లోనూ, 2001లోనూ హైదరాబాద్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. తండాల్లోని నిరుపేద లంబాడా కుటుంబాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, విదేశీ దత్తతకు పంపిన బాగోతం అది. అందులో చిక్కుకున్నవాటిలో బైబిలు పేర్లు పెట్టుకున్న సంస్థలూ ఉన్నాయి. రక్షణ పేరుతోనే రవాణా జరిగింది. తల్లిదండ్రులు బతికి ఉన్న పిల్లలను అనాథలుగా చూపి, వారి ఫొటోలతో విరాళాలు పోగుచేయడం ప్రపంచంలో చాలాచోట్ల వ్యాపారంగా మారింది. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2019 డిసెంబరు తీర్మానంలో అనాథాశ్రమాల ముసుగులో సాగే ఈ రవాణాను అరికట్టాలని దేశాలను కోరింది. మన దగ్గర ప్రతి హాస్టలునూ ఈ గాటన కట్టడం అన్యాయం. అయినా రిజిస్ట్రేషన్ లేకుండా, పిల్లల వివరాలు బాలల సంక్షేమ సమితికి (ఆపదలో ఉన్న పిల్లల సంరక్షణను నిర్ణయించే జిల్లా అధికార సంస్థకు) ఇవ్వకుండా నడిచే ప్రతి ఆశ్రమమూ దళారులకు చాటు కల్పిస్తోంది. నడిపేవారి మనసు ఎంత మంచిదైనా సరే, ఫలితం అదే.

చట్టం అస్పష్టంగా ఏమీ లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ గృహాలన్నీ రిజిస్టర్ కావాలి. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలి. తమిళనాడు అనాథాశ్రమాల కేసులో 2017లో సుప్రీంకోర్టు రిజిస్ట్రేషన్లను ఆ ఏడాదిలోనే పూర్తి చేయాలని ఆదేశించింది. అధికారి వచ్చి అడిగేదాకా ఆగకుండా, కథోలిక మేత్రాసనాలు, లూథరన్, బాప్టిస్టు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు, స్వతంత్ర సంఘాల పాస్టర్లు తమంతట తామే లెక్కలు ముందుపెట్టాలి. ఎందరు పిల్లలున్నారు, ఎందరికి తల్లో తండ్రో ఉన్నారు, వారిని ఏడాదికి ఎన్నిసార్లు ఇంటికి పంపుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి దాచుకోవాల్సిన సంగతులు కావు.

పేదరికం వల్ల మాత్రమే హాస్టలులో ఉన్న పిల్లలు చాలామంది ఉంటారు. కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ వాత్సల్య కింద అర్హులైన పిల్లలకు కుటుంబంలోనే ఉండేలా నెలకు 4,000 రూపాయల ఆర్థిక సాయం అందించే వీలుంది. ఆ దరఖాస్తు నింపించి, కార్యాలయం చుట్టూ తిరిగి, మంజూరయ్యేదాకా వితంతు తల్లి పక్కన నిలబడటం సంఘంలోని స్త్రీల సమాజం చేయగల పని. కొత్త భవనానికి శంకుస్థాపన జరిగినప్పుడు వచ్చినంత పేరు దీనికి రాదు. బిడ్డ మాత్రం తల్లి దగ్గరే పెరుగుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మేము ఆశ పెట్టుకున్నది సండే స్కూలు మీద. దళితవాడలో, తండాలో, చేపలరేవులో ఏ పిల్ల రెండు వారాలుగా కనిపించడం లేదో అక్కడి సండే స్కూలు టీచరుకు తెలిసినంత బాగా ఏ శాఖకూ తెలియదు. కదిరి పరిసరాల నుంచి ఆడపిల్లలను పుణె, ఢిల్లీ దాకా తరలించిన ముఠాలు బంధువుల ముఖంతోనే ఇంట్లోకి వచ్చాయి. పెళ్లి సంబంధమనో, ఇంటిపని అనో, కుట్టు నేర్పిస్తామనో చెప్పాయి. అటువంటి మాట ఇంటికి వచ్చిన రోజే పాస్టరు గారో పాస్టరమ్మ గారో వెళ్లి ఎవరు తీసుకెళ్తున్నారు, ఎక్కడికి, చిరునామా ఏమిటి అని అడిగితే చాలా ప్రయాణాలు అక్కడే ఆగుతాయి. బిడ్డ కనిపించకుండా పోతే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ‘ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుంది, రెండు రోజులు చూడండి’ అని స్టేషన్లో తిప్పిపంపితే నోరెత్తలేని కూలి తల్లిదండ్రులకు తోడుగా సంఘ పెద్దలు వెళ్లాలి. ఆదివారం ప్రసంగంలో ఆపదలో ఉన్న పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు వినిపించాలి. గ్రామ బాలల పరిరక్షణ కమిటీ సమావేశానికి మందిరం నుంచీ ఒకరు హాజరు కావాలి.

ప్రభుత్వాల వైపు నుంచీ దిద్దుకోవలసింది ఉంది. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ రైల్వేస్టేషన్‌లో కేరళకు చెందిన ఇద్దరు నన్లను అక్రమ రవాణా, మతమార్పిడి ఆరోపణలపై అరెస్టు చేశారు. వారి వెంట వెళ్తున్నది ఉద్యోగం కోసం బయలుదేరిన యువతులు. తమ అంగీకారంతోనే పంపామని ఆ కుటుంబాలు చెప్పాయి. ఆగస్టు 2న బిలాస్‌పుర్‌లోని ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) కోర్టు బెయిలిచ్చింది. నేరం సంగతి న్యాయస్థానం తేలుస్తుంది. స్టేషన్లో గుమిగూడినవారి ఒత్తిడి మీద అక్రమ రవాణా చట్టాన్ని ప్రయోగిస్తే మాత్రం, ఒంటరి పిల్లను చూసి దగ్గరికెళ్లే ధైర్యం రేపు ఏ నన్‌కూ, ఏ కార్యకర్తకూ మిగలదు. అప్పుడు ప్లాట్‌ఫారం దళారిదే అవుతుంది. అనుమానం ఉంటే బాలల సంక్షేమ సమితి విచారించాలి, రికార్డులు చూడాలి, పిల్లలతో విడిగా మాట్లాడాలి. ఆ సమితుల్లో ఖాళీలు నింపకుండా, తనిఖీలకు వాహనం కూడా ఇవ్వకుండా స్వచ్ఛంద సంస్థలను తప్పుపట్టడం తగదు.

ఏటా ఫిబ్రవరి 8న కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) మానవ అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రార్థనలు జరుగుతాయి. అది పునీత జోసెఫిన్ బఖీతా పండుగ. సుడాన్‌లో పసితనంలో అపహరణకు గురై, చేతులు మారి అమ్ముడుపోయి, 1889లో ఇటలీ కోర్టు తీర్పుతో విముక్తి పొందిన స్త్రీ ఆమె. రెండు తెలుగు రాష్ట్రాల్లోని చర్చిలన్నీ, శాఖాభేదం లేకుండా, ఆ తేదీలోగా తమ హాస్టళ్లలోని పిల్లల పూర్తి జాబితాలను జిల్లా బాలల సంక్షేమ సమితులకు అందజేయాలి. సమితులు వేసవి సెలవుల్లోగా ప్రతి బిడ్డ ఇంటి పరిస్థితినీ విచారించి, ఇంటికి పంపదగిన వారెవరో తేల్చాలి. అందుకు కావలసిన సిబ్బందిని, నిధులను రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే కేటాయించాలి.