మేత తొట్టిలో కొలువున్న టైలోసిన్ గారికి

మహారాజశ్రీ టైలోసిన్ గారికి,
టెక్సస్, కాన్సస్, నెబ్రాస్కా రాష్ట్రాల ఫీడ్‌లాట్ల (మాంసం కోసం పశువుల్ని దొడ్లలో మేపి బరువు పెంచే చోట్ల) మేత తొట్లు.

ఉభయకుశలోపరి. మిగతా యాంటీబయాటిక్‌లకు జ్వరాలు, చీము, అర్ధరాత్రి పిలుపులు అంటూ నానా టెన్షన్లు ఉంటాయి. మీకవేం లేవు. జబ్బు చెయ్యని పశువుకు రోజూ మేతలో కలిసి వెళ్లడమే మీ పని. తలకు 60 నుంచి 90 మిల్లీగ్రాములు. అర టన్ను బరువున్న పశువుకు అదెంతని! అయినా నెలల తరబడి సెలవన్నది లేకుండా చేస్తున్నారు. వధకు పంపే ముందు ఇన్ని రోజులు మిమ్మల్ని ఆపాలనే నిబంధన కూడా లేదు. చివరి మేత దాకా మీరుంటారు.

మిమ్మల్ని ఈ కొలువులో ఎందుకు పెట్టారో ఒకసారి గుర్తు చేస్తాను. పశువు పొట్ట గడ్డి నెమరేసుకోవడానికి పుట్టింది. ఫీడ్‌లాట్‌లో ఆఖరి నెలల మేతలో ముప్పాతిక పైగా గింజలూ వాటి సరుకే, ముఖ్యంగా మొక్కజొన్న. గడ్డి ఏదో మర్యాదకు ఉంటుంది. గింజలు పొట్టలో గబగబా పులుస్తాయి, ఆమ్లం పెరుగుతుంది, పొట్ట గోడ పుండవుతుంది. అన్నాళ్లూ లోపల బుద్ధిగా కాపురం చేసిన ఫ్యూజోబ్యాక్టీరియం నెక్రోఫోరం అనే సూక్ష్మజీవి ఆ పుండులోంచి రక్తంలోకి జారి, నేరుగా కాలేయానికి చేరి అక్కడ చీముగడ్డ కడుతుంది. పశువు పైకి మామూలుగానే కనిపిస్తుంది. కబేళాలో కాలేయం కోసి చూసినప్పుడే సంగతి బయటపడుతుంది. కాలేయాన్ని అవతల పారేస్తారు. గడ్డలు మరీ ముదిరితే మాంసం కూడా కొంత కోసి తీసెయ్యాలి, పెరగాల్సిన బరువూ తగ్గి ఉంటుంది. ఆ నష్టం లెక్క తేలాకే మిమ్మల్ని పిలిచారు.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. ఇక్కడ పశువు కోరింది గడ్డి, తొట్టిలో పడింది మొక్కజొన్న, చీటీ మీద రాసింది మీ పేరు. మేతలో గడ్డి వాటా పెంచితే కాలేయంలో గడ్డలు తగ్గుతాయని మేత కలిపే ప్రతివాడికీ తెలుసు. కానీ అప్పుడు బరువు నిదానంగా పెరుగుతుంది. మీరేమో చవక. అందుకని పశువును కాదు, ఆ మేతను బతికిస్తున్నారు మీరు. మీ మీద నా ఫిర్యాదంతా ఇదే.

చట్టం గురించి చెప్పాలంటే మీ అదృష్టానికి చేతులెత్తి మొక్కాలి. 2017 జనవరి 1 నుంచి అమెరికాలో మనుషుల వైద్యానికి అవసరమైన యాంటీబయాటిక్‌లను పశువుల బరువు పెంచడానికి వాడకూడదన్నారు. మేతలో కలపాలంటే పశువైద్యుడి చీటీ తప్పనిసరి అన్నారు. దాంతో చాలామంది మందుగార్ల లేబుళ్ల మీద "పెరుగుదల" అనే పంక్తి ఎగిరిపోయింది. పశువుల కోసం ఆ తరగతి మందుల అమ్మకాలు 2016తో పోలిస్తే 2017లో 33 శాతం పడిపోయాయి. చిన్న విషయం కాదది, నిజాయితీగా మెచ్చుకోవాలి. పశువుల దగ్గర మీ లేబుల్ మాత్రం ముందునుంచీ "కాలేయంలో గడ్డలు తగ్గించడానికి" అనే చెబుతోంది కాబట్టి మీ కుర్చీ కదల్లేదు. చీటీ ఒక్కటీ కొత్తగా వచ్చింది. దాని గడువు ఎక్కువలో ఎక్కువ ఆర్నెల్లు. పశువు ఫీడ్‌లాట్‌లో ఉండేది కూడా ఇంచుమించు అంతే. ఎంత చక్కగా అమిరిందో చూడండి!

అట్లాంటిక్ దాటితే మాత్రం జాగ్రత్త. సరిగా లేని పెంపకాన్నీ పరిశుభ్రతనూ కప్పిపుచ్చుకోవడానికి యాంటీబయాటిక్‌లు వాడకూడదని ఐరోపా యూనియన్ చట్టంలోనే రాసుకుంది. 2022 జనవరి 28 నుంచి అది అమల్లో ఉంది.

మాక్రోలైడ్‌లు అనే మీ యాంటీబయాటిక్ వంశంలోని టిల్మికోసిన్, టులాత్రోమైసిన్ గార్లు తొట్టి దగ్గర కాదు, గేటు దగ్గర డ్యూటీ చేస్తారు. వాళ్లతో నాకు ఇంత పేచీ లేదు. దూడను తల్లి నుంచి విడదీసి, లారీ ఎక్కించి, సంతలో పది మందల దూడలతో కలిపి, మళ్లీ లారీ ఎక్కించి వందల మైళ్లు తోలుకొస్తారు. దిగేసరికి ముక్కులో ఊరికే పడి ఉండే మ్యాన్‌హీమియా హీమోలైటికా అనే సూక్ష్మజీవి, వైరస్‌లు వేసిన దారిన ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అదే షిప్పింగ్ ఫీవర్. అమెరికా ఫీడ్‌లాట్లలో ఎక్కువ జబ్బులకూ ఎక్కువ చావులకూ కారణం ఇదే. పైగా పశువు జబ్బును దాచుకుంటుంది. బలహీనంగా కనిపిస్తే తోడేలు వస్తుందన్న భయం దాని రక్తంలో ఉంది. గుర్రమెక్కి దొడ్లు తిరిగే పెన్ రైడర్ వాలిన చెవులు, లోతుకు పోయిన డొక్క, మంద వెనక ఈడుస్తున్న నడక చూసి ఏరాలి. ఎంత అనుభవం ఉన్నా కొన్ని తప్పిపోతాయి. చికిత్స అందని పశువుల ఊపిరితిత్తుల్లో కూడా కబేళాలో పాత మచ్చలు కనిపిస్తాయి. అందుకని అనుమానం ఉన్న లోడు మొత్తానికి దిగీదిగగానే సూది వేసేస్తారు. జ్వరంతో రొప్పుతున్న దూడకు మందు వద్దనే మనిషిని కాను నేను. అయితే లారీ ఎక్కించడానికి 45 రోజుల ముందే పాలు మాన్పించి, టీకాలు వేసి, తొట్టిలో తినడం అలవాటు చేస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుందని కూడా అందరికీ తెలుసు. ఖర్చు దూడను పెంచినవాడిది, లాభం కొన్నవాడిది. కాబట్టి సూదే గెలుస్తోంది.

మీరు మనుషుల మందుల షాపులో కనిపించరు, నిజమే. కానీ ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ మీ రక్తసంబంధీకులే. మీ వంశాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మానవ వైద్యానికి కీలకమైన మందుల్లో చేర్చింది. మీరు రోజూ వెళ్లే పేగుల్లో ఎంటరోకాకస్ అనే సూక్ష్మజీవులు మీ వంశాన్నంతా లెక్కచెయ్యకుండా తయారవడం పరిశోధనల్లో కనిపించింది. ఇంకో వార్త. 2005లో నెబ్రాస్కా ఫీడ్‌లాట్‌లోని ఓ పశువు నుంచి తీసిన పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవిలో, మందుల్ని తట్టుకునే శక్తినిచ్చే 12 నిరోధక జన్యువులు ఒకే మూటలో దొరికాయి. ఆ మూటను పక్క సూక్ష్మజీవికి అందించగలదు కూడా. సంతలో దూడలు కలిసినట్టే అవీ కలుస్తున్నాయి మరి.

రేపే రాజీనామా చెయ్యమని అడగను. మేత మార్చకుండా మిమ్మల్ని మాత్రం తీసేస్తే గడ్డలు పెరిగి పశువే బాధపడుతుంది. చీటీ రాసే పశువైద్యుడి చేతిలోకి ఈసారి వెళ్లినప్పుడు, తొట్టిలో గడ్డి ఎంత ఉందో ఆయన్ని ఒక్కసారి అడగండి చాలు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి

తా.క.: అదే తొట్టిలో మీ పక్కన కూర్చునే మోనెన్సిన్ గారికి నా నమస్కారాలు. మనుషుల వైద్యంలో పనిలేదు కాబట్టి అమెరికాలో ఆయన్ని చీటీ కూడా అడగరు. పెన్ రైడర్ గుర్రం మాత్రం ఆ తొట్టిలో మూతి పెట్టకుండా చూడమనండి. పశువుకు మేత కలిసొచ్చేలా చేసే ఆ పెద్దమనిషి గుర్రం ప్రాణం తీస్తాడు.