సవరణ: కాలిఫోర్నియాలో బౌన్స్ చెక్కు, జిల్లా అటార్నీ లేఖ

కాలిఫోర్నియాలో చెక్కు బౌన్స్ అయినప్పుడు జిల్లా అటార్నీ (ప్రభుత్వం తరఫున నేరాలపై కేసులు నడిపే అధికారి) లెటర్‌హెడ్‌పై ఉత్తరం వస్తే కోర్టులో కేసు నమోదైనట్లేనని నా క్రితం పోస్టులో రాశాను, అది తప్పు.

ఆ రాష్ట్ర శిక్షాస్మృతి ప్రకారం, చెక్కు సొమ్ము తిరిగి చెల్లించి, ఇందుకోసం పెట్టే అవగాహన తరగతికి హాజరైతే కేసు పెట్టకుండా విడిచిపెట్టే పథకాన్ని జిల్లా అటార్నీ నడపవచ్చు. ఆయన కార్యాలయం వసూలు చేసే ప్రాసెసింగ్ రుసుము చెక్కుకు 50 డాలర్లు మించరాదు. బ్యాంకు ఛార్జీ, తరగతి రుసుము వేరు. ఇందులో చేరడం ఐచ్ఛికమే.

ఆ ఉత్తరం చాలాసార్లు పంపేది ప్రైవేటు కంపెనీ, లెటర్‌హెడ్ మాత్రం జిల్లా అటార్నీది. నేను పొరబడింది ఇక్కడే. అయితే అప్పుల వసూలు కంపెనీలను నియంత్రించే ఫెడరల్ చట్టం నుంచి 2006 నాటి సవరణ ఇచ్చే మినహాయింపు ఆ కంపెనీకి వర్తించాలంటే, నేరం జరిగిందనడానికి తగిన ఆధారముందని ముందుగా అటార్నీయే నిర్ధారించాలి, 30 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చని గ్రహీతకు రాతపూర్వకంగా తెలపాలి.