పెట్టె మీద 4కే, చెవికి అందని పాట

కచేరీల కాలమైన మార్గళి మాసం (డిసెంబరు-జనవరి) దగ్గరపడుతున్న కొద్దీ చెన్నైలోని తెలుగు కుటుంబాల వాట్సాప్ గుంపులలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. పిల్లల కచేరీని గానీ అరంగేట్రాన్ని గానీ వీడియో తీసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదని, ఆన్‌లైన్‌లో రూ.8,000కు వచ్చే 4కే, 48 మెగాపిక్సెళ్ల, 16 రెట్ల జూమ్ క్యామ్‌కార్డరు కొని దానికి ఏదో ఒక మైకు తగిలిస్తే సరిపోతుందని, పొడవాటి గొట్టంలా ఉండే గన్ మైకైతే చివరి వరుస నుంచి కూడా గొంతును పట్టేస్తుందని, ఎలా చూసినా ఫోను కన్నా ఇదే మేలని దాని సారాంశం. ఖర్చు తగ్గించుకోవాలన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. అయితే ఈ సలహా పాటిస్తే డబ్బు తగ్గేది నిజంగా అవసరమైన చోట, పెరిగేది అక్కర్లేని చోట.

మొదటిది మెగాపిక్సెళ్ల మాట. 4కే వీడియోలో ఒక్కో చిత్రం 3840 × 2160 చుక్కలు, అంటే దాదాపు 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీ అయితే 20 లక్షల పైచిలుకు. కాబట్టి పెట్టె మీద 48 అని వేసినా 480 అని వేసినా వీడియోకు ఒరిగేదేమీ లేదు. పైగా ఇంత చవక కెమెరాలలో చాలావాటికి ఆ సంఖ్య సెన్సరు చూసింది కాదు, ఉన్న చుక్కల మధ్య లెక్కగట్టి నింపింది. సభా మందిరంలో వెలుతురు ఎప్పుడూ తక్కువే కనుక అక్కడ అక్కరకు వచ్చేవి లెన్సు, సెన్సరు పరిమాణం. వాటి గురించి పెట్టె మీద ఒక్క ముక్క ఉండదు. పైన పటారం, లోన లొటారం అన్నది ఇలాంటి పెట్టెను చూసే అన్నారేమో.

జూమ్ సంగతి ఇంకా విచిత్రం. ఆ 16 రెట్లు సాధారణంగా డిజిటల్ జూమ్, అంటే లెన్సు కదలదు, చిత్రం మధ్య ముక్కను కత్తిరించి సాగదీస్తారు. 3840ని, 2160ని పదహారేసితో భాగిస్తే మిగిలేది 240 × 135, అంటే 32,400 చుక్కలు. 83 లక్షల చుక్కలకు డబ్బు కట్టి 32 వేల చుక్కలలో పాప ముఖాన్ని వెతుక్కోవలసి వస్తుంది. 2015లో వచ్చిన సోనీ సీఎక్స్405 ఫుల్ హెచ్‌డీయే అయినా దాని 30 రెట్ల జూమ్ ఆప్టికల్, అంటే లెన్సే పని చేస్తుంది. అలాంటి పాత కెమెరా మంచి స్థితిలో దొరికితే వేదిక మీది ముఖాన్ని చూపడంలో ఈ కొత్త 4కే దాని ముందు నిలవదు.

అయితే ఆ సోనీకి మైకు గుచ్చుకునే రంధ్రం లేదు. "ఏదో ఒక మైకు" అన్న మూడో మాట తప్పడానికి ఇదొక్కటి చాలు. రంధ్రం ఉన్నా పని పూర్తయినట్టు కాదు. ఫోన్ల కోసం చేసిన కాలర్ మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. కెమెరాలు కోరేది రెండు గీతలు, మూడు భాగాల పిన్ను. రెండూ 3.5 మిల్లీమీటర్లే కనుక చక్కగా దూరుతుంది, శబ్దం మాత్రం రాకపోవచ్చు. చిన్న మైకులకు కెమెరా రంధ్రం నుంచే రెండు మూడు వోల్టుల కరెంటు అందాలి, లేదంటే మైకులోనే బ్యాటరీ ఉండాలి. స్టూడియోలలో వాడే కండెన్సర్ మైకులు 48 వోల్టులు అడుగుతాయి, ఆ వోల్టేజీ ఈ రంధ్రంలోంచి రాదు. కొనే ముందు గీతలు లెక్కపెట్టడానికి క్షణం పట్టదు.

గన్ మైకు విషయంలో నేనూ ఒకప్పుడు ఈ సందేశాన్నే నమ్మాను. మైలాపూరులోని ఒక చిన్న హాల్లో మా అన్నయ్య కూతురి తొలి కచేరీ. చివరి వరుసలో స్టాండు వేసి, మైకును వేదిక వైపు గురిపెట్టి కూర్చున్నాను. ఇంటికొచ్చి వింటే, ముందు కుర్చీలో ఒకాయన మురుకుల పొట్లం విప్పిన చప్పుడు స్ఫుటంగా ఉంది, పిల్ల గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. పల్లవికీ అనుపల్లవికీ మధ్య ఆగిన ప్రతిసారీ ఫ్యాను హోరు పైకి లేచింది, ఎందుకంటే కెమెరా శబ్దం తగ్గిందనుకుని దానంతట అదే స్థాయి పెంచేసింది. ఈ ఆటో లెవెల్‌ను ఆపుకునే వీలు ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి.

గన్ మైకు చేసే పని ఒక్కటే: పక్కల నుంచి వచ్చే ధ్వనిని తగ్గించడం. దాని గొట్టం చీలికలలోంచి దూరిన పక్క శబ్దాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. దూరాన్ని దగ్గర చేసే శక్తి దానికి లేదు, అది చెవికి తొడిగిన దుర్భిణీ కాదు. నేరుగా వచ్చే ధ్వని దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది. గాయనికి ఒక మీటరు దూరంలో ఉన్న మైకును 16 మీటర్లకు జరిపితే 24 డెసిబెళ్లు పోయినట్టే. గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని మాత్రం అంతగా తగ్గదు, అది మైకు ముందు వైపు నుంచి కూడా వస్తుంది. అందుకే సాధారణ కాలర్ మైకు వేదిక మీద ఉంటే, చివరి వరుసలోని ఖరీదైన గన్ మైకు కన్నా నయం. ఒక పాత ఫోనునో చిన్న రికార్డరునో గాయని ముందు పెట్టి, మొదట్లో ఒక్కసారి చప్పట్లు చరిస్తే ఆ శబ్దాన్ని ఆనవాలుగా పట్టుకుని కెమెరా వీడియోనూ ఆ రికార్డింగునూ తర్వాత కలుపుకోవచ్చు. సౌండ్ సిస్టమ్ మిక్సర్ నుంచి వైరు లాగాలనుకుంటే స్థాయిని తగ్గించే కేబుల్ కావాలి, నేరుగా మైకు రంధ్రంలో గుచ్చితే గొంతు పగిలిపోతుంది.

ఇక ఫోను కన్నా మేలన్న మాట. మంచి ఫోను ఉన్నవారికి ఆ రూ.8,000 క్యామ్‌కార్డరు చాలా సందర్భాలలో వెనకడుగే. అసలైన క్యామ్‌కార్డరు ఫోనును దాటేది ఆప్టికల్ జూమ్‌లో, ఆగకుండా గంటల తరబడి తీయడంలో, బ్యాటరీ మార్చుకోవడంలో. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కెమెరా విషయంలో మరొక జాగ్రత్త: అది సెకనుకు 60 లేదా 30 చిత్రాల లెక్కన తీస్తుంది, మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. ఈ రెండు లెక్కలూ పొసగక పాత ట్యూబ్‌లైట్ల కింద చిత్రం మీద చారలు పాకుతాయి. షట్టరు వేగాన్ని సెకనులో 1/50 వంతుకో 1/100 వంతుకో మార్చుకోగలిగితే అవి పోతాయి.

వీలైతే చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కు సొంత మెమరీ కార్డు, ఇయర్‌ఫోన్లు తీసుకుని వెళ్లండి. కొనబోయే కెమెరాకు కొనబోయే మైకును తగిలించి, నోటికి జానెడు దూరంలో ఒకసారి, దుకాణం గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి, ఒక్కో నిమిషం మాట్లాడించి రికార్డు చేయించుకోండి. ఆటోల హారన్ల మధ్య ఆ రెండు నిమిషాలూ విననివ్వని దుకాణదారు దగ్గర కొనకండి.