సత్ప్రసాదం మీద సందేహానికి విరుగుడు మోకాళ్ళ దగ్గర మొదలవుతుంది

2019లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో జరిపిన సర్వే అంకెలు కతోలిక లోకంలో ఇప్పటికీ నలుగుతూనే ఉన్నాయి. దివ్యపూజలో సత్ప్రసాదంగా అందే అప్పం, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలుగా మారతాయని నమ్ముతున్నామన్న కతోలికులు 31 శాతమే. మిగతావారిలో దాదాపు అందరికీ అవి గుర్తులు మాత్రమే. ప్రశ్న అడిగిన తీరు సరిగా లేదన్న అభ్యంతరం వచ్చింది, అందులో కొంత నిజమూ ఉంది. ఏమైతేనేం, అక్కడి మేత్రాణులు (బిషప్పులు) కదిలారు. మూడేళ్ళ పాటు సత్ప్రసాద పునరుజ్జీవన కార్యక్రమం నడిచింది, 2024 జూలైలో ఇండియానాపోలిస్‌లో జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగింది. పుస్తకాలు, వీడియోలు, తరగతులు వెల్లువెత్తాయి. రోగం అజ్ఞానమనీ, మందు బోధ అనీ చాలామంది ముందే తేల్చేసుకున్నారు.

అదే సర్వేలో మరో రెండు అంకెలున్నాయి. 22 శాతం మంది శ్రీసభ (కతోలిక సంఘం) బోధను తెలియక కాదనడం లేదు. తెలిసే కాదంటున్నారు. వారానికి ఒక్కసారైనా పూజకు వెళ్ళేవారిలో మాత్రం నమ్మేవారు 63 శాతం. నమ్మేవాళ్ళే కదా వెళ్ళేది అనవచ్చు. నిజమే, కానీ కథ అంతటితో అయిపోదు. వెళ్ళడం వల్ల, మోకరించడం వల్ల, నోరు మూసుకుని కాసేపు నిలబడటం వల్ల కూడా విశ్వాసం నిలుస్తుంది. సత్ప్రసాదం మీద సందేహం చాలామందిలో తర్కం నుంచి పుట్టడం లేదు. కళ్ళ ముందు జరుగుతున్న అశ్రద్ధ నుంచి పుడుతోంది. దానికి చికిత్స కూడా అక్కడి నుంచే మొదలవ్వాలి.

సిద్ధాంతం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు, పాఠకులకు తెలిసినదే. 1215లో నాల్గవ లాతరన్ మహాసభ వాడిన మాటనే 1551లో ట్రెంట్ మహాసభ ఖాయం చేసింది: వస్తువు సారం పూర్తిగా మారుతుంది, రంగు, రుచి, బరువు, వాసన మారవు. కాబట్టి ప్రతిష్ఠించిన అప్పాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే గోధుమపిండి రేణువులే కనబడతాయి. అది సిద్ధాంతానికి ఎదురుదెబ్బ కాదు, సిద్ధాంతం చెప్పేదే అది. ఇక్కడ చూపు, స్పర్శ, రుచి మూడూ మోసపోతాయి, చెవి ఒక్కదాన్నే నమ్మవచ్చు అన్నారు పునీత తోమా అక్వినాసు. 'ఇది నా శరీరము' అన్న మాట విన్నాం. పలికినవాడు అబద్ధమాడడు. మొత్తం బరువు ఆ ఒక్క దూలం మీదే ఉంది.

ఆ మాట విని వెనుదిరిగినవాళ్ళు మొదటి రోజునే ఉన్నారు. యోహాను సువార్త 6వ అధ్యాయంలో ప్రభువు 'తినడం' అన్న మాటను పలుచన చేయలేదు. 54వ వచనం నుంచి గ్రీకు మూలంలో నమలడం, కొరకడం అనే అర్థమున్న మొరటు క్రియ వస్తుంది. శిష్యుల్లో చాలామంది ఇది కఠినమైన మాట అంటూ వెళ్ళిపోయారు. ఆగండి, నేనేదో ఉపమానంగా అన్నాను అని ఆయన ఒక్కరినీ వెనక్కి పిలవలేదు. మిగిలిన పన్నెండుమందిని మీరూ వెళ్తారా అని అడిగాడు. నాకంతా అర్థమైంది అని పేతురు అనలేదు. ఎవరి దగ్గరికి పోతాం ప్రభూ అన్నాడు.

అర్థం కాకపోవడం వేరు, సందేహించడం వేరు. ఈ తేడా తెలియక ఎంతోమంది తమను తాము అవిశ్వాసులుగా లెక్కగట్టుకుని కుమిలిపోతున్నారు. శ్రీసభ బోధను సంఖ్యలవారీగా చెప్పే సత్యోపదేశ గ్రంథం 2088వ సంఖ్యలో దీన్ని విడదీసి చెబుతుంది: దేవుడు బయలుపరచినదాన్ని కావాలని పక్కన పెట్టడం ఒకటి, నమ్మడానికి తటపటాయించడం, ముడులు విప్పుకోలేక సతమతం కావడం మరొకటి. పది వేల చిక్కులు కలిసినా ఒక్క సందేహం కాదని 1864లో ఆంగ్ల వేదాంతి న్యూమన్ రాశారు. ఫ్రాన్సు కన్యస్త్రీ పునీత చిన్న తెరేజమ్మ 1896 పాస్కా (ఈస్టర్) రోజుల నుంచి మరుసటి ఏడు సెప్టెంబరు 30న కన్నుమూసేదాకా విశ్వాసపు చీకటిలోనే నడిచారు. ఆ చీకటిలోనూ ప్రార్థన మానలేదు. సత్ప్రసాదాన్ని వదిలి దూరంగా కూర్చుని, నమ్మకం కుదిరాక వస్తాననడం ఆకలి పుట్టాక వండుకుందాంలే అనడం కాదు, ఆకలి చచ్చేదాకా పస్తుండటం.

ఇక అసలు సంగతికి వద్దాం. కొత్త నన్మకు, అంటే మొదటిసారి సత్ప్రసాదం అందుకోవడానికి, సిద్ధమవుతున్న ఎనిమిదేళ్ళ బిడ్డ ఉందనుకోండి. ఇందులో యేసు ప్రభువు నిజంగా ఉన్నాడని తరగతిలో వింటుంది. ఆదివారం గుడిలో పెద్దవాళ్ళు సత్ప్రసాదం భద్రపరిచే మందసం ముందు నుంచి బజారులో నడిచినట్టు నడిచిపోవడం చూస్తుంది. ఒంటి చేత్తో సత్ప్రసాదం అందుకుని, నడుస్తూ నోట్లో వేసుకుని, చెయ్యి చొక్కాకు తుడుచుకోవడం చూస్తుంది. పక్కవాళ్ళ ముచ్చట్లు వింటుంది. ఆ బిడ్డ ఎవరిని నమ్మాలి? కళ్ళనే నమ్ముతుంది. పదేళ్ళ తర్వాత నాకు నమ్మకం పోయింది అంటే, అది కాలేజీలో చదివిన పుస్తకం పనే అనుకుంటాం.

బ్రిటన్ తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కోంబ్ 1974లో ఈ విషయంపైనే రాస్తూ, చిన్నపిల్లలకు సత్ప్రసాదం గురించి బోధించాల్సిన చోటు పూజలోనే అన్నారు. ప్రతిష్ఠ వేళ చెవిలో చెప్పాలి: చూడు, ఫాదర్ యేసు మాటలు పలుకుతున్నారు, అప్పం ఆయన శరీరంగా మారుతుంది, ఇదిగో ఎత్తుతున్నారు, తల వంచు. అలా నేర్చుకున్న పసిబిడ్డ ఒకరు, సత్ప్రసాదం తీసుకుని వచ్చిన తల్లిని ఆయన నీలో ఉన్నాడా అని అడిగి, అవునంటే ఆమె ముందు సాష్టాంగపడ్డారట. అంతకన్నా పక్కా వేదాంతం ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

కాబట్టి వివరాల్లోకి దిగాల్సిందే. మొదట ఉపవాసం. ఒకప్పుడు అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. 1957లో పన్నెండవ పయస్ పోపు దాన్ని 3 గంటలకు, 1964లో ఆరవ పాల్ పోపు 1 గంటకు తగ్గించారు. ఆ గంట లెక్క పూజ మొదలైన వేళ నుంచి కాదు, సత్ప్రసాదం అందుకునే వేళ నుంచి వెనక్కి. పూజలో సత్ప్రసాదం వేళకే గంట గడిస్తే, గుడి గుమ్మంలో కాఫీ తాగినవారు కూడా నియమం తప్పినట్టు కాదు. చిక్కు అక్కడే ఉంది: నియమం నిలిచింది, ఆకలి పోయింది. పూజకు ముందు ఇంకో గంట కలుపుకుంటే శరీరానికి తాను దేనికి వెళ్తున్నదో తెలుస్తుంది. నీళ్ళకూ మందులకూ అడ్డు లేదు. వృద్ధులకు, రోగులకు, వారిని చూసుకునేవారికి ఆ ఒక్క గంట నియమం కూడా వర్తించదు.

రెండోది పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం. చావైన పాపం (ఆత్మకు చావు తెచ్చే ఘోర పాపం) ఉందని తెలిసి, దాన్ని ఒప్పుకోకుండా సత్ప్రసాదపు వరుసలో నిలబడరాదని శ్రీసభ చట్టం 916వ నియమం. పౌలు కొరింతీయులకు చెప్పిందీ అదే, ఆత్మపరీక్ష చేసుకుని తినమని. వరుసలో అందరూ వెళ్తున్నారు కాబట్టి నేనూ వెళ్ళాలి అన్న అలవాటు విశ్వాసాన్ని చంపినంతగా ఏ నాస్తికుడి వాదమూ చంపలేదు. ఒక ఆదివారం బెంచీలోనే ఉండిపోయి, శనివారం ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని, మళ్ళీ వరుసలో నిలబడినవాడికి ఆ అప్పం విలువ తెలుస్తుంది.

మూడోది చేతులు. నాల్గవ శతాబ్దంలో యెరూషలేములో పునీత సిరిల్ కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి చెప్పారు: రాజును అందుకునే చేతికి మరో చేతిని సింహాసనంగా చెయ్యండి, చిన్న రేణువు కూడా రాలనివ్వకండి, బంగారు పొడి ఇస్తే ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో అంతకన్నా జాగ్రత్తగా పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి వాటం వారైతే ఎడమ అరచేయి పైన, కుడిచేయి కింద. 'క్రీస్తు శరీరము' అనగానే వినిపించేలా 'ఆమెన్'. తర్వాత కుడిచేతి వేళ్ళతో తీసుకుని, అడుగు కదపకముందే, అక్కడే నోట్లో పెట్టుకోవాలి. ఆపైన అరచేతిని ఒకసారి చూసుకోవాలి. తెల్లటి రేణువు అంటి ఉంటే దాన్నీ తీసుకోవాలి, ఎందుకంటే అందులోనూ ఆయన సంపూర్ణంగా ఉన్నాడు. నాలుకమీద తీసుకునేవారికి ఈ బెడద తక్కువ. వాళ్ళు చేసే పొరపాటు నోరు సగమే తెరవడం, తల కదపడం.

పీఠం దగ్గర జరిగేదీ చూడండి. అప్పం కింద పరిచిన చదరపు తెల్లగుడ్డను లోపలికే మడుస్తారు, రేణువులు జారిపోకుండా. పాత్రలో నీళ్ళు పోసి కడిగి ఆ నీళ్ళు తాగేస్తారు. దివ్యరక్తం ఒలికితే ఆ చోటు నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు మామూలు కాలువలో కాకుండా ప్రత్యేకమైన తొట్టిలో పోస్తారు. ఇది గుర్తు మాత్రమే అయితే ఇంత పని ఎవరు పెట్టుకుంటారు? ఈ పనులు నిదానంగా చేసే గురువు నోరు విప్పకుండానే ప్రసంగం చేస్తున్నట్టు. హడావిడిగా ముగించే గురువు, ప్రసంగంలో ఎంత బాగా చెప్పినా, చేతులతో దాన్ని కొట్టేస్తున్నారు.

ఇవన్నీ పైపై ఆచారాలు, ప్రభువుకు కావలసింది పేదల పట్ల ప్రేమ అనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. పీఠం మీద పట్టువస్త్రాలతో క్రీస్తును గౌరవించి, బయట చలికి వణికే క్రీస్తును వదిలేయకండి అని పునీత జాన్ క్రిసోస్తోము గట్టిగానే మందలించారు. కానీ ఆయన వాదనంతా దేనిమీద నిలబడింది? ఇది నా శరీరము అన్నవాడే నేను ఆకలిగొన్నాను అన్నాడు అన్నదానిమీద. మొదటి మాటను పలుచన చేస్తే రెండోదీ పలుచనవుతుంది.

అద్భుతాల వెంట పడేవారికీ ఒక మాట. ఇటలీలోని లాంచానోలో, అప్పం మాంసంగా మారిందని చెప్పి భద్రపరచిన అవశేషాన్ని 1970–71లో వైద్యుడు ఒదోఆర్దో లీనోలి పరీక్షించి గుండె కండరమని చెప్పిన సంగతి చాలామందికి కంఠస్థం. వాటిని శ్రీసభ గౌరవిస్తుంది, విశ్వాసానికి పునాదిగా మాత్రం పెట్టదు. మాంసం కనబడితేనే నమ్ముతాననేవారు మళ్ళీ కళ్ళనే నమ్ముతున్నారు. మామూలు ఆదివారం, మామూలు గుడి, మామూలు అప్పం దగ్గర ఆ నమ్మకం ఏం చేస్తుంది?

కళ్ళ దగ్గరికే వచ్చాం కాబట్టి, అసలు నన్ను కలవరపెట్టేది చెబుతాను. 2020లో గుళ్ళు మూతపడ్డాయి, పూజ ఫోనులోకి వచ్చింది. రోగులకు, ముసలివారికి అది వరమే. గుళ్ళు తెరిచాక కూడా చాలామంది తెరదగ్గరే ఉండిపోయారు. చూశాం కదా, సరిపోయింది అంటున్నారు. చూడటమే సన్నిధి అని మనకు ఈ కాలం రోజంతా నేర్పుతోంది: ముఖం తెరమీద కనిపిస్తే మనిషి ఎదురుగా ఉన్నట్టే, వేలితో నెడితే లేనట్టే. సత్ప్రసాదం దీనికి నేరుగా అడ్డం తిరుగుతుంది. ఇక్కడ ఉన్నవాడు కనబడడు. తెరమీద కనబడేది తినలేం. క్రీ.శ. 155 ప్రాంతంలో తొలినాటి క్రైస్తవ రచయిత పునీత జస్టిన్ రాసిన వివరణ చూడండి: పూజకు రాలేనివారికి డీకన్లు (పూజలో సాయపడే పరిచారకులు) సత్ప్రసాదాన్ని మోసుకెళ్ళేవారు. కబురు పంపి సరిపెట్టలేదు, శరీరాన్నే పంపారు. మనిషి సన్నిధి అంటే ఏమిటో మరచిపోతున్న ఈ తరానికి దివ్యసన్నిధి మీద సందేహం రావడంలో వింతేముంది? కన్నతల్లి మంచం పక్కన గంటసేపు మాటల్లేకుండా కూర్చోలేనివారు మందసం ముందు ఎలా కూర్చుంటారు?

అందుకే సందేహంతో ఉన్నవారికి పుస్తకం కన్నా ముందు రెండు పనులు చెబుతాను. సత్ప్రసాదం అందుకున్నాక కనీసం 10 నిమిషాలు కదలకుండా ఉండండి. అప్పపు రూపం ఉన్నంతవరకు ఆయన సన్నిధి ఉంటుందని సత్యోపదేశం 1377వ సంఖ్య చెబుతోంది. ఆ నిమిషాల్లోనే మనం ప్రకటనలు చదువుతున్నాం, చప్పట్లు కొడుతున్నాం, బండి తాళాలు వెతుక్కుంటున్నాం. రెండోది, వారంలో ఒక రోజు, ఎవరూ లేని వేళ, ఎర్రదీపం వెలుగుతున్న మందసం ముందు గంటసేపు. ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. కుడి మోకాలు నేలకు ఆనించి లేచి, కూర్చోండి. మొదటి 20 నిమిషాలు మనసు బజారంతా తిరిగి వస్తుంది. ఏమీ అనిపించకపోవచ్చు. నమ్మలేకపోతున్నాను అన్న మాటే నోటికొస్తే, గోడతో కాదు, ఆయనతోనే అనండి. గంట నిండేదాకా లేవకండి, వచ్చే వారం అదే వేళకు మళ్ళీ వెళ్ళండి.