గాలి బిల్లు పంపదు, అయినా వస్తుంది

గాలి ఇంతవరకూ ఎవరికీ బిల్లు పంపలేదు. ఎండా అంతే. మరి ఆ రెంటితో తయారయ్యే కరెంటు ఏటేటా పెరుగుతుంటే మన బిల్లు ఎందుకు తగ్గడం లేదని కొందరు అమాయకులు అడుగుతున్నారు. వాళ్ళ అనుమానం తీర్చడం నా బాధ్యత.

యూరప్‌లో హోల్‌సేల్ కరెంటు ధర ఎలా తేలుతుందో చూడండి. ముందు చవక సరుకు తీసుకుంటారు: గాలి, ఎండ, తర్వాత అణువిద్యుత్తు. అదీ చాలకపోతే చివర్న గ్యాస్ ప్లాంటును పిలుస్తారు. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఖరీదుగా దిగిన ఆ పెద్దమనిషి ఏ రేటు చెబితే అదే అందరి రేటు. పదిమందిని పనికి పిలిస్తే తొమ్మిది మంది నడిచొచ్చారు, ఒకడు టాక్సీలో దిగాడు. పదిమందికీ టాక్సీ చార్జీ లెక్కగట్టి ఇచ్చాం. 2022లో రష్యా యుద్ధంతో గ్యాస్ ధర మండిపోయినప్పుడు, గ్యాస్ వాసనే తెలియని గాలిమరల కరెంటు కూడా బంగారమైంది ఇందుకే. మార్కెట్ అన్నాక ఇదే సరైన పద్ధతని ఆర్థికవేత్తలు అంటారు. కావచ్చు. వాళ్ళ బిల్లు నేను చూడలేదు.

బ్రిటన్ ఇంకో మెట్టు పైకెక్కింది. అక్కడ గాలి ఎక్కువగా స్కాట్లాండ్‌లో వీస్తుంది, జనం ఎక్కువగా ఇంగ్లండ్‌లో ఉంటారు. మధ్యలో తీగలు చాలవు. అందుకని గాలి జోరుగా వీచిన రోజున మరలు ఆపమని ఉత్తర మరల యజమానులకు డబ్బిస్తారు. ఆ లోటు పూడ్చడానికి ప్లాంటు నడపమని దక్షిణాన గ్యాస్ వాళ్ళకీ ఇస్తారు. పని మానేసినవాడికీ కూలి, వాడి బదులు చేసినవాడికీ కూలి. రెండూ వినియోగదారుడి ఖాతాలోకే. తీగలు వేస్తే సరిపోతుంది కదా అంటారేమో. వేస్తున్నారు, తొందరపెట్టకండి.

ఇక నెట్ జీరో. అంటే పొగ మానేయడం అనుకునేరు. వదిలినంతా మళ్ళీ ఏదోలా పీల్చేస్తే చాలు, లెక్క సున్నా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలకు పాపం పొగలోని కార్బన్‌ను పట్టి దాచేసే కార్బన్ క్యాప్చర్ గురించి తెలియదు.

ఈ విధానంలో నాకు బాగా నచ్చింది తేదీ. బ్రిటన్ 2050 అని 2019లో చట్టమే చేసింది. చైనా 2060 అంది, మనం 2070 అన్నాం. ఆ రోజుకి కుర్చీలో ఎవరుంటారో తెలియదు కాబట్టి హామీ ఇవ్వడానికి ఎవరికీ టెన్షన్ లేదు. మాటల పొదుపూ అంతే గొప్పది. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గును 'మానేద్దాం' అని రాసుకున్న చోట, మనమూ చైనా పట్టుబట్టడంతో ఆఖరి ఘడియల్లో 'తగ్గిద్దాం' అని దిద్దారు. 2023 దుబాయ్ సదస్సుకు అధ్యక్షత వహించింది ఆ దేశపు చమురు కంపెనీ అధినేతే. వ్యాధి సంగతి వ్యాధికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఇంత స్ఫూర్తి పొందాక నేను ఊరుకోలేకపోయాను. నా బకాయిని 2050 నాటికి నెట్ జీరోకి తెస్తానని, ఈలోగా మానేయకపోయినా తగ్గించుకుంటూ పోతానని కరెంటాఫీసుకి ఉత్తరం రాశాను. మధ్యంతర లక్ష్యాలతో ఒక పట్టిక కూడా జతచేశాను. మూడో రోజున లైన్‌మన్ కటింగ్ ప్లేయర్ పట్టుకుని వచ్చాడు. పట్టిక చూపించాను. శ్రద్ధగా చదివాడు, బావుందన్నాడు, స్తంభం ఎక్కాడు.